పనీపాటా లేని చిత్తడి

నగరం కాస్త ఒళ్లు చేస్తే చాలు, చిత్తడి నేలలు పోతున్నాయని కొందరు గుండెలు బాదుకుంటారు. పోతున్నాయి, నిజమే. 1970 నుంచి 2015 లోపు ప్రపంచంలో దాదాపు 35 శాతం పోయాయి, అడవులకంటే మూడు రెట్లు వేగంగా. ఇంత చురుగ్గా సాగిన పని ఇంకొకటి చూపించండి!

అసలు ఆ నేల చేసే ఘనకార్యం ఏమిటి? వాన పడితే నీళ్లు తాగుతుంది. తాగినదాన్ని నెలల తరబడి మెల్లగా భూమిలోకి ఇంకిస్తుంది. మురుగొస్తే జమ్ము, తుంగ వేళ్లతో వడకడుతుంది. ఇదంతా ఊరికే. బిల్లు లేదు, టెండరు లేదు, చివరికి ఒక రసీదైనా లేదు. ఇలాంటివాళ్ల వల్ల ఏ దేశం ఆదాయం పెరిగింది?

అదే పూడ్చి చూడండి. రాత్రివేళ లారీలొచ్చి పగిలిన టైల్సు, తుప్పు చువ్వలు, పాతగోడల పెచ్చులు గుమ్మరిస్తాయి. లారీకి కిరాయి, రోలరుకు కిరాయి. సెల్లారు తవ్వితే గోడలు చెమరుస్తాయి, రాత్రింబవళ్లు తోడే మోటారుకు కరెంటు బిల్లు. వానాకాలం పడవ, ఎండాకాలం ట్యాంకరు, రెండూ అదే వీధికి. ఇక దోమల సంగతి. తూనీగ పిల్లలు నీళ్లలోనే పెరుగుతూ దోమ పిల్లల్ని తినేసేవి, అదీ జీతం భత్యం లేకుండా. ఇప్పుడు సెల్లారు మడుగులో దోమలకు అడ్డే లేదు. పొగమందు, కాయిలు, డాక్టరు ఫీజు... ఒక్క దోమ ఎంతమందిని పోషిస్తోందో!

ఈ విద్యలో మెక్సికో సిటీని మించినది లేదు. సరస్సు మీద వెలసిన ఊరు. ఆ సరస్సును శతాబ్దాలపాటు బయటికి పారించేశారు. ఇప్పుడు తాగడానికి భూగర్భంలో ఉన్నది తోడుతుంటే ఊరే కుంగుతోంది, కొన్నిచోట్ల ఏడాదికి 50 సెంటీమీటర్ల దాకా. వానొస్తే వీధులు మునుగుతాయి, మిగతా రోజుల్లో కుళాయిలు ఎండుతాయి. ఒకే ఊరు, రెండు సమస్యలు, రెండు బడ్జెట్లు.

కోల్‌కతాకు ఇంత ముందుచూపు లేదు. తూర్పున 12,500 హెక్టార్ల చిత్తడి నేలలు పెట్టుకుని, ఊరి మురుగును చేపల చెరువుల్లోకి వదిలేస్తారు. ఎండా, నాచూ కలిసి దాన్ని శుభ్రం చేస్తే, ఆ మురుగు చేపలై, కూరగాయలై ఊళ్లోకి తిరిగొస్తుంది. మరి శుద్ధి ప్లాంటు కాంట్రాక్టరు ఏం తిని బతకాలి? పైగా 2002లో దీనికి చిత్తడి నేలల్ని కాపాడే అంతర్జాతీయ ఒప్పందం, రామ్‌సర్ గుర్తింపొకటి! అంచుల్లో ఆక్రమణలు మొదలయ్యాయి కనుక మరీ నిరాశపడనక్కర్లేదు.

ప్రకృతి మీద మాకు ప్రేమ లేదని మాత్రం అనకండి. పూడ్చిన చోటే, మూడో దశ నిర్మాణంలో, అడుగున ప్లాస్టిక్ షీటు పరిచి ఒక కొలను కడతాం. ట్యాంకరుతో నింపుతాం. కప్పలు దూరకుండా చుట్టూ వల. ఖర్చు ప్రతి నెలా మెయింటెనెన్సులో కలిసి వస్తుంది.