పొలీనా బుహ్రోవాకి ఎవరూ సీటు దానం చెయ్యలేదు

మా షటిల్ గ్రూపులో ఒక మెసేజ్ తిరుగుతోంది. మొదట పొద్దున ఆరింటి బ్యాచ్‌లో ఒకాయన పెట్టాడు, తర్వాత మా బావమరిది పంపాడు, నిన్న ఆఫీసు గ్రూపులోకి కూడా వచ్చేసరికి ఇక ఊరుకోలేక రాస్తున్నా. మెసేజ్ సారాంశం ఇదీ: “యుక్రెయిన్‌లో బ్యాడ్మింటన్ ఎక్కడ ఏడ్చింది? యుద్ధం జరుగుతోందని జాలిపడి పొలీనా బుహ్రోవా అనే ఇరవై ఏళ్ల అమ్మాయికి పారిస్ ఒలింపిక్స్‌లో సీటిచ్చారు. అది మన అమ్మాయికి రావాల్సిన సీటు. ఆ పిల్లేమో గ్రూపు దశలోనే ఓడి ఇంటికెళ్లింది. పైగా సింగిల్స్, డబుల్స్ రెండూ ఆడుతుంది, దేంట్లోనూ నిలవదు.”

ఇందులో నిజాలు లేకపోలేదు, గ్రూపు దశలో ఓడిపోవడం, సింగిల్స్, డబుల్స్ రెండూ ఆడటం. అవి కూడా సగమే చెప్పారు. ఆ సంగతికి తర్వాత వస్తా.

ముందు ఈ “జాలి సీటు” సంగతి. బ్యాడ్మింటన్‌లో ఒలింపిక్స్ సీట్లు కమిటీ కూర్చుని పంచిపెట్టేవి కావు. 2023 మే 1 నుంచి 2024 ఏప్రిల్ 28 దాకా ఆడిన టోర్నమెంట్లలో ఎవరికి వాళ్లు తెచ్చుకున్న పాయింట్లలో, పది మంచి ఫలితాలు కలిపితే వచ్చే జాబితా ఉంటుంది, ఆ జాబితాలో పైనుంచి కిందికి నింపుకుంటూ వస్తారు. ఆహ్వానం మీద ఇచ్చే సీట్లు కూడా ఉన్నాయి, కాదనను. కానీ అవి ఒలింపిక్స్‌కి అతి తక్కువమందిని పంపే చిన్న దేశాలకు. ప్రతిసారీ వందకు పైగా క్రీడాకారులను పంపే యుక్రెయిన్ ఆ లైన్‌లో నిలబడటానికే అర్హత లేదు. అంటే మీరు చెప్పే ఆ జాలి తలుపు ఆ అమ్మాయి వైపు తెరిచి లేదు, ర్యాంకింగ్ మీదే వచ్చింది.

ఆ పాయింట్లు ఎలా వస్తాయో కూడా చూడండి. సూపర్ 1000 అనే పెద్ద స్థాయి టోర్నీ గెలిస్తే 12,000. మనం టీవీలో చూసేవి ఇలాంటివే. కింద ఇంటర్నేషనల్ చాలెంజ్ గెలిస్తే 4,000, ఇంటర్నేషనల్ సిరీస్‌కి 2,500, ఫ్యూచర్ సిరీస్‌కి 1,700. ఇవన్నీ టైటిల్ కొడితే వచ్చేవి, మధ్యలో ఓడితే అంతకంటే తక్కువ. పెద్ద టోర్నీల మెయిన్ డ్రాలోకి, అంటే అసలు పోటీలోకి, నేరుగా వెళ్లే ర్యాంకు లేని అమ్మాయి ఈ చిన్న వాటిని పట్టుకుని, నెలల తరబడి దేశం తర్వాత దేశం తిరుగుతూ, ప్రేక్షకులకంటే కోర్టులు ఎక్కువున్న హాళ్లలో ఆడి పోగేసుకోవాలి.

ఇక్కడ నాకు నిజంగా కోపం తెప్పించేది, యుద్ధం లాభమైందన్న మాట. పొలీనాది ఖార్కివ్. ఆ పేరు మన తెలుగు ఇళ్లలో చాలామందికి గుర్తుండాలి, 2022 ఫిబ్రవరి, మార్చిల్లో మన ఎంబీబీఎస్ పిల్లలు మెట్రో స్టేషన్లలో తలదాచుకుని ఇంటికి వీడియో కాల్స్ చేసిన ఊరది. రష్యా సరిహద్దుకి నలభై కిలోమీటర్ల లోపే. తర్వాత అక్కడ అవే మెట్రో స్టేషన్లలో బడులు నడిపారు. యుద్ధం మొదలైన 2022 ఫిబ్రవరి 24 నుంచి యుక్రెయిన్ ఆకాశంలో ప్రయాణికుల విమానం ఎగరలేదు. అంటే ఆ దేశంలో ఉండి ఆడే ఏ ప్లేయరైనా టోర్నీకి వెళ్లాలంటే కిట్ బ్యాగు మోసుకుని ముందు రైలెక్కాలి, పోలండ్ వైపు పోవాలి, అక్కడ రైలు మారాలి, ఎందుకంటే వీళ్ల పట్టాల వెడల్పు 1,520 మిల్లీమీటర్లు, వాళ్లది 1,435. ఆ తర్వాత ఏదో ఊరి ఎయిర్‌పోర్టు. ఇంత చేసి మొదటి రౌండులో ఓడితే మళ్లీ అదే దారిన వెనక్కి. మనవాళ్లు గచ్చిబౌలిలో ప్రాక్టీసు ముగించుకుని క్యాబ్‌లో శంషాబాద్ వెళ్తారు. (మనవాళ్లకి కష్టాలు లేవని కాదు, అలా అర్థం చేసుకోకండి.)

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. 2022 మార్చిలో ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య రష్యా, బెలారస్ ఆటగాళ్లను పక్కన పెట్టింది, దాంతో యూరప్ డ్రాలో కొంత పోటీ తగ్గింది. అయితే ఆ ఖాళీ చెక్ అమ్మాయికీ, ఎస్టోనియా అమ్మాయికీ కూడా ఒకటే. పొలీనా ఒక్కదాని కోసం తీసిపెట్టింది కాదు.

“మన అమ్మాయి సీటు” అన్నది ఇంకా చిత్రం. మహిళల సింగిల్స్‌లో మన నుంచి సింధు ఒక్కతే వెళ్లింది, నిజమే. రూలేంటంటే, ఒక దేశం నుంచి ఇద్దరు వెళ్లాలంటే పైన చెప్పిన జాబితాలో ఆ ఇద్దరూ టాప్ 16లో ఉండాలి. పురుషుల్లో ప్రణయ్, లక్ష్యసేన్ ఇద్దరూ ఉన్నారు, ఇద్దరూ వెళ్లారు. మహిళల్లో సింధు తర్వాత మనకి ఆ 16లో ఎవరూ లేరు. కాబట్టి పొలీనా ఖార్కివ్‌లో రాకెట్ పక్కనపడేసి ఇంట్లో కూర్చున్నా మనకి రెండో సీటు వచ్చేది కాదు. లెక్క ఇంత సులువు.

“యుక్రెయిన్‌లో బ్యాడ్మింటన్ ఎక్కడ” అన్నవాళ్లకి రియో ఒలింపిక్స్ గుర్తులేదనుకుంటా. 2016 ఆగస్టు 14. మన సైనా నెహ్వాల్ ఐదో సీడ్, అంటే ముందు వరసలో పెట్టిన ఆటగాళ్లలో ఐదోది. ఎదురుగా మరియా ఉలితినా, ప్రపంచ ర్యాంకు 61, యుక్రెయిన్. 18-21, 19-21. సైనా మోకాలు బాగాలేదు, తర్వాత ఆపరేషన్ కూడా అయింది, అది మర్చిపోకూడదు. కానీ ఆ రోజు అవతల నిలబడి రెండు గేములు గెలిచిందెవరు? ఆ ఉలితినాయే ఆ తర్వాత టోక్యో కూడా ఆడింది. పారిస్‌కి ఈ పిల్ల వచ్చింది. అంటే మూడు ఒలింపిక్స్‌లో వరసగా మహిళల సింగిల్స్‌లో వాళ్లకి ప్లేయర్ ఉంది.

ఇప్పుడు పారిస్‌లో ఆ గ్రూపు దశ సంగతి. “ఓడిపోయింది కదా బావా” అంటాడు మా బావమరిది. ఓడింది. ఎవరి చేతిలో? ఇండోనేసియా గ్రెగోరియా మరిస్కా తున్‌జుంగ్ చేతిలో, అదే ఒలింపిక్స్‌లో కాంస్యం పట్టుకెళ్లిన ప్లేయర్. స్కోరు చూడండి: 10-21, 21-8, 17-21. మొదటి గేమ్ పోయాక చాలామంది అక్కడితో అయిపోతారు. ఈ పిల్ల తిరిగి లేచి సీడెడ్ ప్లేయర్‌ని ఎనిమిది పాయింట్ల దగ్గర ఆపేసింది. 21-8 అంటే ఏంటో షటిల్ పట్టుకున్నవాళ్లకి చెప్పక్కర్లేదు, అవతలివాళ్లకి ఏం కొట్టాలో తెలియకుండా పోతేనే అలాంటి స్కోరు వస్తుంది. కోర్టు వైపు మారింది కాబట్టి హాల్లో గాలి కలిసొచ్చింది అంటారా, సరే, మూడో గేమ్‌లో 11 దగ్గర వైపులు మారతారు, ఇద్దరికీ సమానం, అందులోనూ 17 దాకా లాగింది. ముగ్గురుండే గ్రూపులో మొదటి స్థానానికే తర్వాతి రౌండు, ఒక్క మ్యాచ్ పోతే చాలావరకు సంచీ సర్దుకోవడమే. గెలిచిందని నేను అనట్లేదు, టాప్ 10 ప్లేయర్ అని అసలే అనట్లేదు. దాన్ని “వచ్చింది, పోయింది” అని రాసినవాడు స్కోరు చూడలేదు, అంతే.

చివరిది, రెండూ ఆడుతుందన్న ఎత్తిపొడుపు. ఆడుతుంది, డబుల్స్‌లో యెవ్హేనియా కాంతెమిర్‌తో. ఎంపిక చేసుకోవడానికి వందమంది లేని దేశాల్లో ఇది మామూలే, పైగా అంత దూరం ప్రయాణం చేసి వచ్చాక మొదటి రోజే సింగిల్స్ ఓడితే చేతిలో ఇంకో మ్యాచ్ మిగులుతుంది. లండన్ ఒలింపిక్స్‌లో మన జ్వాల అశ్వినితో డబుల్స్, దిజుతో మిక్స్‌డ్, రెండూ ఆడింది. అప్పుడు ఇదే గ్రూపుల్లోవాళ్లు ఆమె స్టామినా గురించి చెప్పుకున్నారు.