బల్లార్షా బస్తీలకు ఈత తొట్లు పంపుదాం

సంక్రాంతి సభలో షికాగోలోని మన సంఘం ముందు ఒక ప్రతిపాదన పెట్టబోతున్నాను. ఏటా ఊళ్లకు పంపే విరాళంలో కొంత తీసి, మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్షా, రాజురా బస్తీలకు ఎండాకాలం రెండు నెలలూ ఈత తొట్లు పంపుదాం. ఇనుప గొట్టాల ఫ్రేము, దానికి బిగించే మందపాటి పీవీసీ షీటు, ఒక ఫిల్టరు పంపు. విప్పితే ట్రాలీ ఆటోలో పట్టే సామాను. స్కూలు మైదానంలో నిలబెడితే చిన్నపిల్లలకు ఛాతీ దాకా నీళ్లు.

విషయం తెలిసిన పెద్దలు కొందరు అప్పుడే ఫోన్ చేశారు. "తాగడానికే నీళ్లు లేని చోట ఈతేంటయ్యా?" అని. అడగాల్సిన ప్రశ్నే, అందుకే లెక్క చెప్తాను. ఆరు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు ఉన్న తొట్టిలో ముప్పావు మీటరు ఎత్తున నీళ్లు నింపాలంటే 18 వేల లీటర్లు కావాలి. పది వేల లీటర్ల ట్యాంకరు రెండు ట్రిప్పులు వేస్తే సరిపోతుంది. వాటిని రోజూ పారబోయక్కర్లేదు. వడగట్టి, క్లోరిన్ చూసుకుంటూ ఉంటే వారాల తరబడి అవే నీళ్లు. ఎండకు రోజుకో సెంటీమీటరు ఆవిరైనా పోయేది 240 లీటర్లు. రెండు మూడు పెద్ద కూలర్లు రోజంతా తాగే నీళ్లంత. క్లోరిన్‌కు బ్లీచింగ్ పౌడరు చాలు. ఇంత నీటికి సుమారు అరవై గ్రాములు కలిపితే క్లోరిన్ ఒక పీపీఎం, అంటే లీటరుకు ఒక మిల్లీగ్రాము, పెరుగుతుంది. ఎండలో అది తొందరగా ఎగిరిపోతుంది కాబట్టి పైన గ్రీన్ నెట్ కట్టాలి, పొద్దున, మాపున పరీక్ష చేయాలి. అక్కడి నుంచి తీసేసే ముందు రెండు రోజులు క్లోరిన్ మానేస్తే ఆ నీళ్లు మైదానం చుట్టూ ఉన్న చెట్లకు పోయొచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. చంద్రపూర్ ఎండ గురించి మనలో అక్కడ పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. మే నెలలో 45 దాటడం అక్కడ వార్త కాదు. మన రోహిణి కార్తె, వాళ్లు నౌతపా అనే తొమ్మిది రోజుల మండే ఎండలు, ఒకేసారి మొదలవుతాయి. బడులు ఉండవు. బొగ్గు గనుల కాలరీ క్వార్టర్లలో, కాగితం మిల్లు చుట్టుపక్కల బస్తీల్లో రేకుల ఇంట్లో పిల్లవాడు మధ్యాహ్నం ఎంతసేపని కూర్చుంటాడు? వార్ధా నదికి పోతాడు. ఇసుక తవ్విన చోట మోకాలి లోతు నీళ్లలో నడుస్తూ నడుస్తూ ఒక్క అడుగులో మునిగే గుంటలు ఉంటాయి. పైనుంచి తవ్వుకుంటూ పోయిన పాత ఓపెన్‌కాస్ట్ గనుల్లో నిలిచిన నీళ్లు ఇంకా ఘోరం. ఒడ్డు నిట్టనిలువుగా ఉంటుంది, పట్టుకుని పైకి రావడానికి ఏమీ దొరకదు. ఒకడు మునిగితే వాణ్ణి లాగబోయి రెండోవాడు పోతాడు. మన దేశంలో ఏటా 30 వేల మందికి పైగా నీళ్లలో మునిగి చనిపోతున్నారు.

మనం ఉంటున్న షికాగోలోనే దీనికి ఒక చరిత్ర ఉంది. 1966 జులైలో నగరం పడమటి వైపు, ఎండకు తాళలేక నల్లజాతి పిల్లలు వీధిలో ఫైర్ హైడ్రంట్, అంటే మంటలార్పే నీళ్ల కుళాయి, విప్పుకుని తడుస్తుంటే పోలీసులు వచ్చి దాన్ని మూసేశారు. అల్లర్లు చెలరేగాయి, నేషనల్ గార్డ్ దిగింది. అప్పుడు ఆ నగరంలోనే నల్లజాతి హక్కుల ఉద్యమం నడుపుతున్న మార్టిన్ లూథర్ కింగ్‌తో మాట్లాడాక మేయర్ రిచర్డ్ డేలీ హైడ్రంట్లకు స్ప్రింక్లర్లు బిగించమన్నాడు, పది పోర్టబుల్ పూల్స్ తెప్పించాడు. ఇళ్లు, ఉద్యోగాలు అడిగిన జనానికి తొట్లు ఇచ్చి ఊరుకోబెట్టాలని చూడడం నాకు నచ్చదు. కానీ తొట్టిని వీధి దాకా తీసుకురావచ్చని ఆ నగరానికి తెలియాలంటే ఊరు తగలబడాల్సి వచ్చింది. న్యూయార్క్‌లో అదే దశకంలో లారీ మీదే తొట్టి కట్టి పేటలకు తిప్పారు.

ఒక్కరోజు వచ్చిపోయే లారీ పిల్లలకు పండుగ. ఈత రావాలంటే తొట్టి కొన్నాళ్లు అక్కడే ఉండాలి. అందుకే ఒక్కో బస్తీలో మూడు వారాలు ఉంచాలంటున్నాను. బంగ్లాదేశ్‌లో స్విమ్‌సేఫ్ కార్యక్రమం చెరువులోనే వెదురు తడికలతో అడ్డుకట్టి పల్లె పిల్లలకు నేర్పింది. 25 మీటర్లు ఈదడం, 30 సెకన్లు తేలడం, ఒడ్డున ఉండే కర్రో గుడ్డో అందించి ఇంకొకర్ని లాగడం, అంతే. నేర్చుకున్న పిల్లల్లో మునిగి చనిపోవడం 90 శాతానికి పైగా తగ్గిందని 2012లో అధ్యయనం తేల్చింది. మన చిన్న తొట్టిలో 25 మీటర్లంటే నాలుగైదు మలుపులు. తేలడం, ఊపిరి పట్టడం నేర్వడానికి అంతకంటే పెద్దది అక్కర్లేదు.

నేర్పేదెవరు? నది పక్కనే ధీవర్లు, మన బెస్తవాళ్లు ఉన్నారు. ఎవరైనా మునిగితే శవాన్ని వెతకడానికి పిలిచేది ఆ కుర్రాళ్లనే. పిల్లలు బతికుండగా నేర్పడానికి వాళ్లను పిలుద్దాం, శిక్షణ ఇప్పిద్దాం, రోజు కూలి కాదు, రెండు నెలల జీతం ఇద్దాం. నా దృష్టిలో మన డబ్బు ఎక్కువ పోవాల్సింది షీటుకూ పంపుకూ కాదు, వీళ్లకే.

ఆడపిల్లల సంగతి ముందే తేల్చకపోతే తొట్టి మగపిల్లలదైపోతుంది. రోజూ రెండు గంటలు వాళ్లకే, చుట్టూ పరదా, నేర్పేది ఆడమనిషి, పంజాబీ డ్రెస్సుతో దిగినా అడ్డు చెప్పకూడదు.

కొన్ని విషయాల్లో బేరం లేదు. కూలర్ల షాకుతో ఏటా ప్రాణాలు పోయే ప్రాంతం అది. కాబట్టి పంపుకు ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్, ఉండాలి, నీళ్లలో ఎవరూ లేనప్పుడే, రాత్రిపూట నడపాలి. పిల్లలు దిగినంతసేపూ చూసే పెద్దమనిషి చేతిలో ఫోను ఉండకూడదు. సాయంత్రం నిచ్చెన తీసేసి పైన కప్పేయాలి. ఛాతీ లోతు నీళ్లు కూడా చంపుతాయి. గని నుంచి తోడే నీళ్లు ఉచితంగా ఇస్తామని ఎవరన్నా అంటే, ల్యాబ్ పరీక్ష కాగితం చూశాకే తీసుకోవాలి.

మైదానం, ట్యాంకరు చంద్రపూర్‌లో మహానగర్ పాలికను, మిగతా చోట్ల నగర్ పరిషత్‌ను అడుగుదాం. మిగతాది మనది. మొదటి ఏడు రెండు తొట్లు, ఆరు బస్తీలు. ఏప్రిల్ మొదటివారానికి నీళ్లు నిండాలంటే జనవరిలోనే తీర్మానం కావాలి. నా వంతు చెక్కు ఆ రోజే ఇస్తాను. రాజురా, బల్లార్షా, ఘుగ్గుస్ నుంచి వచ్చిన కుటుంబాలు మీ బస్తీలో ఏ మైదానం వీలుగా ఉంటుందో సభకు రాసి తీసుకురండి.