కెమెరా అమ్ముకోవచ్చు, ఎడిట్లు అమ్ముకోలేం

కోఠి గుజరాతీ గల్లీలో కెమెరా కొనడానికి వచ్చినవాళ్లను దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. చేతిలో ఫోన్, ఫోన్‌లో రెండు మోడళ్ల పోలిక, ముఖంలో టెన్షన్. పోయిన నెల మా ఆఫీసు కుర్రాడికి తోడుగా వెళ్లాను. అతను కౌంటర్ దగ్గర నిలబడి ఒక ఫుల్ ఫ్రేమ్ బాడీ (పెద్ద సెన్సర్ ఉన్న కెమెరా, లెన్స్ లేకుండా) చూపించమన్నాడు. షాపతను దాన్ని అద్దాల బీరువాలోంచి బయటికి తీయకుండానే అడిగాడు: "ఏం తీస్తవ్ తమ్మీ దీంతోని?" మావాడు కాసేపు ఆలోచించి "అన్నీ" అన్నాడు.

ఆ ఒక్క మాటకే లక్ష రూపాయలు పైన పడుతుంది. నేను ఫొటోలు తీయడం మొదలుపెట్టి పదేళ్లు దాటింది. ఇది నాకు ఉద్యోగం కాదు. ఆదివారాలు, పండగలు, సెలవు రోజులు మాత్రమే. ఇన్నేళ్లలో నాలాంటివాళ్లు డబ్బు పెట్టే వరుస ఎప్పుడూ ఒకేలా చూశాను. ఉన్నదంతా ముందు బాడీ మీద పెడతారు, మిగిలింది లెన్స్‌కు, సాఫ్ట్‌వేర్‌ను అసలు లెక్కలోకే తీసుకోరు. ఈ వరుస తలకిందులుగా ఉందని నా గట్టి అభిప్రాయం. బాడీ ఐదారేళ్లకు పాతబడుతుంది. మంచి లెన్స్ పదిహేనేళ్లు పనిచేస్తుంది. రెండింటినీ అదే కోఠిలో తిరిగి అమ్ముకోవచ్చు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కూర్చుని చేసిన పనిని మాత్రం ఎవరూ కొనరు. చాలాసార్లు అది ఇంకో సాఫ్ట్‌వేర్‌లోకి మన వెంట కూడా రాదు. కెమెరా కంటే ఎక్కువ ఆలోచించి ఎంచుకోవాల్సింది దాన్నే.

ముందు బాడీ సంగతి చూద్దాం. కొత్తది కొనాలనిపించినప్పుడు రివ్యూల జోలికి వెళ్లకముందు సొంత ఫొటోలు తిరగేయాలి. ఏ లెన్స్‌తో, ఎంత ఫోకల్ లెంగ్త్‌లో (లెన్స్ ఎంత దగ్గరగా చూపిస్తుందో చెప్పే ఎంఎం అంకె), ఎంత ఐఎస్ఓలో (వెలుతురును కెమెరా ఎంత పెంచిందో చెప్పే అంకె), ఏ టైమ్‌కు తీశామో ప్రతి ఫైల్‌లో నమోదై ఉంటుంది. ఫొటోలు ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్లయిన లైట్‌రూమ్‌లోనూ డార్క్‌టేబుల్‌లోనూ వాటిని బట్టి ఫొటోలను వేరు చేసి చూడొచ్చు. నా రెండేళ్ల ఫొటోలను అలా వేరు చేస్తే, నాకు నచ్చి దాచుకున్నవాటిలో సగానికి పైగా 35 ఎంఎం చుట్టుపక్కల తీసినవే అని తేలింది. పాడైనవి ఎక్కువగా సాయంత్రం ఆరు దాటాక తీసినవి. షట్టర్ స్పీడ్ చాలక చేతులు, ముఖాలు చెదిరిపోయాయి. అంటే నాకు తక్కువైంది వెలుతురే, మెగాపిక్సెళ్లు కాదు. 12x18 అంగుళాల ప్రింట్‌ను 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) తీయించడానికి 20 మెగాపిక్సెళ్ల లోపే సరిపోతాయి. 4కే టీవీ తెర మొత్తం కలిపినా 8 మెగాపిక్సెళ్లకు కాస్త ఎక్కువ, అంతే.

రంజాన్ రాత్రి లాడ్ బజార్‌లో గాజులు తొడిగే చేతులను తీయాలనుకోండి. దుకాణం బల్బుల కింద లక్క గాజులు ధగధగలాడుతుంటాయి. కంటికి అక్కడ పట్టపగల్లా ఉంటుంది, కెమెరాకు మాత్రం ఆ వెలుతురు చాలదు. కెమెరాతో పాటు వచ్చే మామూలు కిట్ లెన్స్ 55 ఎంఎం దగ్గర ఎఫ్ 5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు (ఎఫ్ అంకె ఎంత తక్కువైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుంటుంది). ఐఎస్ఓ 1600 పెట్టినా షట్టర్ సెకనులో 1/30వ వంతు దగ్గర ఆగిపోతుంది. గాజు మణికట్టు దాటేటప్పుడు వేళ్లు ముడుచుకుంటాయి. సరిగ్గా ఆ కదలికే ఫొటోలో మసకగా పడుతుంది. అదే బాడీకి ఎఫ్ 1.8 ఉన్న 50 ఎంఎం లెన్స్ బిగిస్తే దాదాపు పదింతల వెలుతురు లోపలికి వస్తుంది. 1/30 కాస్తా 1/300 అవుతుంది. వేళ్లు నిలుస్తాయి, లక్కలో పొదిగిన రాళ్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టొచ్చు. ఒక చెయ్యి ఫోకస్‌లో ఉంటే వెనక చెయ్యి మసకబారుతుంది, దానికి ఒప్పుకోవాలి.

చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సర్ నుంచి ఫుల్ ఫ్రేమ్‌కు మారితే సెన్సర్ వైశాల్యం రెండింతలకు కొంచెం పైన అవుతుంది. నాయిస్ (ఫొటోలో ఇసక చల్లినట్టు కనిపించే చుక్కలు) విషయంలో లాభం ఒక స్టాప్, ఇంకొంచెం. ఒక్కో స్టాప్ అంటే వెలుతురు రెండింతలు. లెన్స్ మార్చినందుకు వచ్చింది మూడు స్టాపులకు పైనే. ఖర్చు దాదాపు పదో వంతు. ఈ చిన్న లెక్క ఎవరూ చెప్పకపోవడం వల్ల ఎంతమంది అప్పు చేసి బాడీలు కొన్నారో నాకు తెలుసు. అందులో ఇద్దరు నా స్నేహితులు.

కట్టడాలు తీసేవారి అవసరం వేరు. చార్మినార్, గోల్కొండ రెండూ ఆర్కియలాజికల్ సర్వే చేతిలో ఉన్నాయి. అక్కడ చేతిలో కెమెరాతో తీసుకోవచ్చు గానీ ట్రైపాడ్‌కు ముందే అనుమతి కావాలి. చీకటి మెట్ల దగ్గర బాడీలోనే స్టెబిలైజేషన్ ఉన్న కెమెరా చాలా ఆదుకుంటుంది, ఎందుకంటే రాళ్లు కదలవు. గాజుల దుకాణంలో మాత్రం అది పనికిరాదు. అది మన చేతి వణుకును ఆపుతుంది, ఎదుటివాళ్ల కదలికను ఆపలేదు.

పక్షులు తీసేవారి సంగతి ఇంకోటి. అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రాంతంగా గుర్తింపు వచ్చింది. చలికాలం ఆదివారాల్లో తెల్లవారుజామున గట్టు మీద కెమెరాలు వరుసగా కనిపిస్తాయి. అక్కడ కావలసింది దూరం. చిన్న సెన్సరే అక్కడ మేలు చేస్తుంది: ఏపీఎస్-సీ బాడీ మీద 300 ఎంఎం లెన్స్ 450 ఎంఎం చూపునిస్తుంది. నికాన్ పీ1000 లాంటి బ్రిడ్జ్ కెమెరా (లెన్స్ మార్చలేనిది) ఆ ఒక్క లెన్స్‌తోనే 3000 ఎంఎంకు సమానమైన చూపు వరకూ వెళ్తుంది. ఎండ బాగా కాసే తొమ్మిది గంటలకు దాంతో అవతలి గట్టు మీది కొంగ కన్ను తీయొచ్చు. ఆరింటికి మాత్రం ఆ గోరంత సెన్సర్ ఇచ్చే ఫొటో అంతా ఇసక చల్లినట్టు ఉంటుంది. పక్షులు బాగా దొరికేది ఆరింటికే. కొనేవాళ్లు ఈ మూడు గంటల తేడాను గుర్తుపెట్టుకోవాలి.

ఫోన్ చాలదా అని చాలామంది అడుగుతారు. పగటిపూట, కదలని వాటికి చాలు. అంతవరకే తీసేవాళ్లు నిజంగానే కెమెరా కొనక్కర్లేదు.

సెకండ్ హ్యాండ్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే హాబీవాళ్లకు ఇదే మంచి సమయం. 2018లో కానన్ ఆర్ఎఫ్ మౌంట్, నికాన్ జెడ్ మౌంట్ (మౌంట్ అంటే బాడీకి లెన్స్ బిగించే చోటు) తెచ్చి, లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల వైపు మళ్లాయి. అప్పటి నుంచి మంచి డీఎస్ఎల్ఆర్‌లు (అద్దం ఉన్న పాత రకం కెమెరాలు), వాటి లెన్స్‌లు చవగ్గా దొరుకుతున్నాయి. నికాన్ డీ7200, డీ750 లాంటివి ఇప్పటికీ తీసిపారేసేవి కావు. కానీ మౌంట్ చూసుకోకపోతే ఖర్చు తడిసి మోపెడవుతుంది. నాకు జరిగిందే చెబుతాను. మొదట్లో నా దగ్గర నికాన్ డీ5000 సిరీస్ బాడీ ఉండేది. ఒకతను 50 ఎంఎం ఎఫ్ 1.8డీ లెన్స్ తక్కువకిస్తానంటే సంబరపడి కొన్నాను. ఇంటికొచ్చి బిగిస్తే ఆటోఫోకస్ కదల్లేదు. ఆ పాత డీ లెన్స్‌లను తిప్పే మోటార్ బాడీలో ఉండాలి. డీ3000, డీ5000 సిరీస్‌లలో అది లేదు, డీ7200లో ఉంది. నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ పెట్టి జెడ్ కెమెరాకు బిగించినా ఆ లెన్స్‌ను చేత్తోనే ఫోకస్ చేయాలి. అమ్మినతనికి అది తెలుసు, కానీ చెప్పలేదు. వాపసు తీసుకోమంటే తీసుకోలేదు.

అందుకే ఇప్పుడు షాపులోనే నా బాడీకి బిగించి చూస్తాను. తర్వాత లెన్స్‌ను ఎఫ్ 1.8కి తెరిచి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూస్తాను. దుమ్ము రేణువులుంటే ఫర్వాలేదు. సాలెగూడులా సన్నటి దారాలు పాకి ఉంటే అది ఫంగస్, దాన్ని అక్కడే పెట్టేసి రావాలి. మన ఊళ్లో ఎండాకాలమంతా ఏమీ కాదు, జూలై నుంచి సెప్టెంబర్ దాకా బీరువాలో బ్యాగులోనే మూసి ఉంచితే పట్టుకుంటుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ చాలు. బిల్లు లేకుండా తక్కువకిస్తామనే కొత్త సరుకుకు నేను దూరం. 2019 జనవరి నుంచి డిజిటల్ కెమెరాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. ఆ 18 మిగుల్చుకోబోయి కంపెనీ వారంటీ పోగొట్టుకోవడం నష్టమే.

ఇక సాఫ్ట్‌వేర్. కెమెరా ఇచ్చే రా ఫైల్ నెగెటివ్ లాంటిది. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లుంటే, 14 బిట్ రా ఫైల్‌లో 16,384 ఉంటాయి. ఆ ఫైల్‌ను ఎన్నిసార్లు ఎడిట్ చేసినా అది మారదు. మనం చేసిన మార్పులు సూచనలుగా వేరేచోట ఉంటాయి. ఎక్కడ ఉంటాయి, ఎవరు చదవగలరు అన్నదే అసలు ప్రశ్న.

లైట్‌రూమ్ 2007లో వచ్చింది. చాలా ఏళ్లు ఒకసారి డబ్బు కట్టి కొనుక్కునేవాళ్లం. 2015లో వచ్చిన లైట్‌రూమ్ 6 అలా కొనగలిగిన చివరి వెర్షన్. తర్వాత అంతా చందా. చందా ఆపేస్తే లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఫొటోలు చూడొచ్చు, బయటికి తీసుకోవచ్చు. ఎడిట్ చేసే డెవలప్ విభాగం మాత్రం మూతపడుతుంది. నేను లైట్‌రూమ్‌ను తప్పుపట్టను. అలవాటు చేసుకోవడం తేలిక, పని చాలా వేగం. కానీ హాబీ అంటే కొన్ని నెలలు తీస్తాం, కొన్ని నెలలు తీయం. పిల్లల పరీక్షలు, ఊరి ప్రయాణాలు, ఉద్యోగం మారడం ఉంటాయి. కెమెరా అల్మారాలో ఉన్న నెలల్లోనూ చందా నడుస్తూనే ఉంటుంది.

డార్క్‌టేబుల్ ఉచితం, ఓపెన్ సోర్స్. మన మార్పులను ప్రతి ఫొటో పక్కనే చిన్న ఎక్స్ఎంపీ ఫైల్‌గా రాస్తుంది. ఫోల్డర్ కాపీ చేస్తే పని కూడా వెంట వస్తుంది. నేర్చుకోవడం కష్టం, దాచను. మొదటి నెల విసుగు పుడుతుంది, గ్రాఫిక్స్ కార్డ్ లేని ల్యాప్‌టాప్‌లో నెమ్మదిగా నడుస్తుంది. నేను రెండేళ్ల కింద మారాను, ఇప్పటికీ కొన్ని మాడ్యూళ్లు ముట్టుకోలేదు. లైట్‌రూమ్‌లో చేసిన ఎడిట్లలో క్రాప్, ఎక్స్‌పోజర్ లాంటి కొన్నే ఇటు వచ్చాయి. మిగతావన్నీ మళ్లీ చేసుకోవాల్సి వచ్చింది. ఆ నెలలో నా వందల గంటల పని ఎవరి చేతిలో ఉందో స్పష్టంగా అర్థమైంది. ఉచితంగా దొరికేదల్లా శాశ్వతం అని కూడా కాదు. గూగుల్ 2016లో నిక్ కలెక్షన్ అనే ఎడిటింగ్ ఫిల్టర్ల సెట్‌ను ఉచితం చేసింది, మరుసటి ఏడే అది డీఎక్స్ఓ కంపెనీ చేతికి వెళ్లింది, 2018లో మళ్లీ అమ్మకపు సరుకైంది.

క్రాక్ వెర్షన్ల గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. మనలో చాలామంది అక్కడే మొదలుపెట్టాం. ఒకసారి నా సిస్టమ్‌కు వైరస్ పట్టి, బాగుచేసే షాపువాళ్లు అడగకుండా ఫార్మాట్ చేశారు. ఫొటోలు హార్డ్ డిస్క్‌లో భద్రంగానే ఉన్నాయి. ఎడిట్లున్న క్యాటలాగ్ ఫైల్ సీ డ్రైవ్‌లో ఉండి, మూడేళ్ల పనితో సహా పోయింది. ఆ బాధ ఇప్పటికీ తగ్గలేదు. కంపెనీకి నష్టమా కాదా అన్న చర్చ పక్కన పెట్టినా, ఎవరో తెరిచి మార్చిన ప్రోగ్రామ్‌కు మన నెగెటివ్‌లు అప్పగించడం తెలివైన పని కాదు.

సాఫ్ట్‌వేర్ మీద శ్రద్ధ పెట్టమనడానికి ఇంకో కారణం ఉంది. అది పాత కెమెరాను బాగుచేస్తుంది. 2023లో లైట్‌రూమ్‌లోకి నాయిస్‌ను తుడిచేసే ఏఐ డీనాయిస్ వచ్చాక, ఏడెనిమిదేళ్ల కింద ఐఎస్ఓ 6400లో తీసి పనికిరావని పక్కన పడేసిన రా ఫైళ్లు కూడా ప్రింట్‌కు పనికొచ్చాయి. అప్పుడు జేపెగ్ మాత్రమే దాచుకున్నవాళ్లకు ఆ అవకాశం లేదు. రాజా దీన్ దయాళ్ 1880లలో నిజాం కొలువు కోసం తీసిన ఫొటోలు మనం ఇవాళ చూడగలుగుతున్నామంటే, ఆయన గాజు పలకల నెగెటివ్‌లు మిగిలి ఉండటం వల్ల కూడా. వాటిలో 2,800కు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి.

నన్ను అన్నింటికంటే బాధపెట్టేది ఒంటి రంగు. డబ్బు పెట్టి కొనే ప్రీసెట్‌లు (ఒక్క నొక్కుతో రంగులు మార్చే రెడీమేడ్ సెట్టింగులు) చాలావరకు మన చర్మాన్ని చూసి చేసినవి కావు. మన గోధుమ, చామనఛాయ ముఖాల మీద వేస్తే ఇటుక రంగుకు తిరుగుతాయి. దాన్ని సరిచేయబోయి ఆరెంజ్ రంగు వెలుగును పెంచే ల్యూమినెన్స్ స్లయిడర్‌ను పైకి లాగుతారు. ముఖం తెల్లబడుతుంది, దాంతోపాటు చర్మం మీది గీతలు, పసుపు ఛాయ, చెమట మెరుపు అన్నీ పోతాయి. పెళ్లికూతురు నలుగు ఫొటోలో పసుపు ఎక్కడ ఆగిందో, చెంప ఎక్కడ మొదలైందో తెలియాలి కదా. ఏ సాఫ్ట్‌వేర్ పరీక్షించినా నేను ముందు తెరిచేది మా ఇంట్లోవాళ్ల ముఖాలే. స్లయిడర్లు ముట్టుకోకుండానే ఆ ఒంటి రంగు నిజంగా కనిపిస్తే ఆ సాఫ్ట్‌వేర్‌తో ముందుకెళ్తాను.

మా ఆఫీసు కుర్రాడు ఆ రోజు ఫుల్ ఫ్రేమ్ కొనలేదు. వాళ్లింట్లో ఉన్న పాత బాడీకే 35 ఎంఎం లెన్స్ తీసుకున్నాడు. ఇరవై రా ఫైళ్లు ఎంచుకుని, డార్క్‌టేబుల్‌లోనూ లైట్‌రూమ్ ట్రయల్‌లోనూ అవే చేసి చూడమన్నాను. ఇంకా చేస్తున్నాడు.

నేను పోయిన దసరాకు ఊళ్లో నానమ్మను కిటికీ వెలుతురులో తీశాను. 12x18 ప్రింట్ తీయిస్తే నల్లగా వచ్చింది. తప్పు ల్యాబ్‌ది కాదు, నేను రాత్రిపూట ల్యాప్‌టాప్ బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి ఎడిట్ చేశాను. సగానికి తగ్గించి, మళ్లీ చేసి, మళ్లీ తీయించాను. మొదటి ప్రింట్‌లో చీకట్లో కలిసిపోయిన ముంజేతి పచ్చబొట్టు రెండోదాంట్లో చుక్క చుక్కగా కనిపించింది. అది ఇప్పుడు మా హాల్లో గోడ మీద ఉంది. దాని రా ఫైల్, ఎక్స్ఎంపీ ఫైల్, ఒక టిఫ్ కాపీ రెండు వేర్వేరు డిస్కుల్లో పెట్టాను. ఒకటి నా దగ్గర, ఒకటి మా అక్క వాళ్లింట్లో.