నవంబర్ 1 ఎవరి పండగ?

నవంబర్ 1 పొద్దున్నే కోనసీమ వైపు నుంచి ఎదుర్లంక వంతెన ఎక్కి గౌతమి దాటితే యానాం. అక్కడ ఆ రోజు విమోచన దినం, జెండా వందనం. 1954లో అదే తేదీన ఫ్రెంచివాళ్లు పుదుచ్చేరి, కారైకాల్, మాహేలతో పాటు యానాం పాలనను కూడా మన ప్రభుత్వానికి అప్పగించారు. నిజానికి యానాం వరకు ఆ పని అంతకుముందు జూన్ 13నే అయిపోయింది. ఫ్రెంచి అధికారుల్ని ఉద్యమకారులు ఆ రోజే తప్పించేశారు. అయినా పండగ మాత్రం కాగితం మీద సంతకాలకు తగ్గట్టు నవంబర్‌లోనే. వంతెనకు ఇవతల అదే తేదీకి ఆంధ్రప్రదేశ్ అవతరణ. అటూ ఇటూ తెలుగే, అదే యాస, ఒకే గోదావరి. కానీ ఒకే తేదీకి రెండు కథలు.

మన దేశంలో ఒక్క తేదీ మీద ఇన్ని పుట్టినరోజులు పడటం అరుదు. 1956లో ఆంధ్రప్రదేశ్, కేరళ, విశాల మైసూరు, కొత్త మధ్యప్రదేశ్ అన్నీ నవంబర్ 1న వచ్చినవే. 1966లో పంజాబ్ నుంచి హర్యానా విడిపోయిందీ, 2000లో ఛత్తీస్‌గఢ్ ఏర్పడిందీ నవంబర్ 1నే. ఆ తేదీలో ఏదో మహత్తు ఉందనుకునేరు! అదేం లేదు. రాష్ట్రాల పునర్విభజన చట్టంలో ‘నిర్ణీత తేదీ’ అనే మాట ఉంటుంది, ఇంగ్లిష్‌లో అపాయింటెడ్ డే. ఆ రోజు నుంచి ఏ జిల్లా ఏ ఖజానా కిందకు వస్తుందో, ఏ గుమస్తా జీతం ఎవరు ఇవ్వాలో తేలుతుంది. ఒకటో తారీఖు అయితే లెక్కలు తేలిక. భాషాభిమానం, కన్నీళ్లు, కవిసమ్మేళనాలు అన్నీ ఆ తర్వాత వచ్చి ఆ అంకెకు అతుక్కున్నవే.

అతుక్కున్న తీరు మాత్రం ఎవరిది వాళ్లదే. కన్నడిగులు నవంబర్ నెలంతా పసుపు, ఎరుపు జెండాలు కడతారు. 1973లో మైసూరు పేరును కర్ణాటకగా మార్చినప్పుడు కూడా వెతికి మరీ నవంబర్ 1నే పెట్టుకున్నారు. అదే రోజు బెళగావిలో మహారాష్ట్రలో కలపాలని కోరే మరాఠీలు నల్ల బ్యాడ్జీలు పెట్టుకుంటారు. ఒకే ఊళ్లో ఒక వీధిలో మేళాలు, పక్క వీధిలో బ్లాక్ డే. కేరళలో పిరవి (అవతరణ) రోజున అందరూ బంగారు జరీ అంచు చీరలు, పంచెలు కట్టుకుని ఆఫీసులకు వస్తారు. ఆ రాష్ట్రం పుట్టిన రోజున దానికి మంత్రివర్గమే లేదన్నది చాలామందికి గుర్తుండదు. అప్పుడు అక్కడ రాష్ట్రపతి పాలన, ఎన్నికలు మరుసటి ఏడు జరిగాయి. తమిళనాడు 2019 నుంచి నవంబర్ 1ని జరుపుకుంది. ప్రభుత్వం మారాక 2021లో దాన్ని పక్కన పెట్టి జులై 18ని ఎంచుకున్నారు, 1967లో అసెంబ్లీ రాష్ట్రం పేరు మార్చాలని తీర్మానించిన రోజది. ఇక 1984 నవంబర్ 1న ఢిల్లీ వీధుల్లో సిక్కులను ఊచకోత కోశారు. పంజాబీ భాషకంటూ ఒక రాష్ట్రం వచ్చి అప్పటికి సరిగ్గా పద్దెనిమిదేళ్లు.

ఇక మన సంగతి. ఏటా ఈ రోజుల్లో వినిపించే మాట ఒకటుంది: కన్నడిగులను చూడండి, మలయాళీలను చూడండి, మన తెలుగువాళ్లకే భాషాభిమానం లేదు, రాష్ట్రావతరణ కూడా పట్టదు. ఈ మాట నాకు ఎప్పుడూ నచ్చదు. కేరళ పటం 1956లో ఎలా గీశారో ఇప్పటికీ దాదాపు అలాగే ఉంది. కర్ణాటకదీ అంతే. వాళ్ల తేదీకి, వాళ్ల పటానికి మధ్య తగాదా లేదు. మనకు ఉంది. నవంబర్ 1న పుట్టిన రాష్ట్రం ఇప్పుడు లేదు, దాని పేరు మాత్రమే మిగిలింది. పేరుకు పుట్టినరోజు చేయాలంటే ఎవరికైనా కాస్త ఇబ్బందిగానే ఉంటుంది.

ఇంకో తేదీ ఉంది. 1953 అక్టోబర్ 1, గురువారం. (మూడేళ్ల తర్వాత నవంబర్ 1 కూడా గురువారమే పడింది.) మద్రాసు నుంచి విడిపోయి ఆంధ్ర రాష్ట్రం కర్నూలులో మొదలైన రోజు. దాని వెనక పొట్టి శ్రీరాములు 58 రోజుల నిరాహారదీక్ష ఉంది. 1952 డిసెంబర్ 15 రాత్రి మద్రాసులో బులుసు సాంబమూర్తి ఇంట్లో ఆయన కన్నుమూశాక గానీ ఢిల్లీ కదల్లేదు. 19న నెహ్రూ ప్రకటన చేశారు. ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి. కార్యాలయాలకు చాలినన్ని భవనాలు లేక డేరాలు వేశారు. ఫైళ్లు, బల్లలు, టైపు మిషన్లు అన్నీ గుడ్డ కప్పు కిందే. కర్నూలు పాతవాళ్లు ఆ రోజుల్ని ఇప్పటికీ డేరాల రాజధాని అనే చెప్పుకుంటారు. 37 నెలల్లో ఆ ఊరు చూడనిది లేదు: మద్యనిషేధం గొడవలో ప్రకాశం ప్రభుత్వం పడిపోవడం, రాష్ట్రపతి పాలన, 1955 ఎన్నికలు, బెజవాడ గోపాలరెడ్డి మంత్రివర్గం.

1956 నవంబర్ 1తో అదంతా సర్దుకుని హైదరాబాద్ వెళ్లిపోయింది. మనం పాఠాల్లో చదువుకున్న విశాలాంధ్ర సంబరం కర్నూలుకు రాజధాని పోయిన రోజు. గుంటూరుకు కూడా. 1954లో అక్కడ పెట్టిన హైకోర్టు హైదరాబాద్‌కు తరలింది. రాజధాని, హైకోర్టుల్లో ఏదో ఒకటి రాయలసీమకు ఇవ్వాలని 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు శ్రీబాగ్ ఒడంబడికలో రాసుకున్నారు. ఆ కాగితం విలువ ఆ గురువారంతో పోయింది. ఇప్పటికీ కర్నూలులో హైకోర్టు అడిగేవాళ్లు ఆ మాటే ఎత్తుతారు. అవతరణ దినోత్సవ సభల్లో మాత్రం ఈ సంగతి ఎవరూ ఎత్తరు.

హైదరాబాద్ వైపు నుంచి చూస్తే ఆ తేదీ మరోలా ఉంటుంది. నిజాం రాజ్యంగా ఉన్న ప్రాంతం ఆ రోజు మూడు ముక్కలైంది. మరాఠీ జిల్లాలు బొంబాయికి, బీదర్, గుల్బర్గా, రాయచూరు మైసూరుకు, తెలుగు జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌కు. రాష్ట్రాల పునర్విభజనపై వేసిన ఫజల్ అలీ కమిషన్ అయితే తెలంగాణను అప్పటికి హైదరాబాద్ రాష్ట్రంగానే ఉంచి, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత కొత్త శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటేనే కలపమంది. అంత ఆగలేదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో తెలంగాణకు హామీలిస్తూ పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు. అటు నుంచి నలుగురు, ఇటు నుంచి నలుగురు సంతకాలు చేశారు. ఆ హామీలు ఎంతవరకు నిలిచాయన్న తగాదా 1969లో వీధికెక్కింది. తెలంగాణ ఉద్యమ కాలంలో నవంబర్ 1ని విద్రోహ దినంగా పాటించింది అందుకే. అక్కడి వాళ్లకు ఇప్పుడు జూన్ 2 ఉంది, వాళ్ల పటానికీ వాళ్ల తేదీకీ పేచీ లేదు.

పేచీ అంతా ఆంధ్రప్రదేశ్‌కే. 2014 విభజన చట్టం ప్రకారం కొత్తగా పుట్టింది తెలంగాణ. మిగిలిన ముక్క పాత రాష్ట్రమే, పాత పేరే. ఆ లెక్కన నవంబర్ 1 చెల్లుతుంది. కానీ పటం తీసి చూడండి. ఇప్పటి ఆంధ్రప్రదేశ్ 1956 రాష్ట్రంలా లేదు, 1953 రాష్ట్రంలా ఉంది. అప్పటి 11 జిల్లాలే ఒంగోలు, విజయనగరం చేరి 13, ఆ తర్వాత ఇంకా చీలాయి. కొన్ని తేడాలు ఉన్నాయి లెండి: 1960లో తిరుత్తణి పోయి సత్యవేడు వైపు ఊళ్లు వచ్చాయి, భద్రాచలం తెలంగాణ వైపు ఉండిపోయింది. విభజన తర్వాత వచ్చిన ప్రభుత్వం నవంబర్ 1ని వదిలేసి జూన్ 2 నుంచి నవ నిర్మాణ దీక్షలు చేసింది. 2019లో వచ్చిన ప్రభుత్వం మళ్లీ నవంబర్ 1ని తెచ్చింది. రెండూ నాకు వింతగానే అనిపిస్తాయి. ఒకటి పోగొట్టుకున్న రోజును పట్టుకుంది, ఇంకొకటి పోయినదాన్ని సంపాదించుకున్న రోజును. రెండిటి మధ్యలో ఉన్నది హైదరాబాదే. ఆ ఊరి మీద మనసు చావక తేదీల మీద కొట్టుకుంటున్నాం.

నన్నడిగితే అక్టోబర్ 1 సరైనది. ఈ పటానికి అదే పుట్టినరోజు, దాని కోసం ప్రాణం ఇచ్చిన మనిషి పేరూ అందరికీ తెలుసు. ఒప్పుకోనివాళ్లు ఉంటారు. అది ఆంధ్ర రాష్ట్రం, ఇది ఆంధ్రప్రదేశ్ అంటారు. బళ్లారిని వదులుకున్న రోజు కూడా అదేగా అని అనంతపురం వాళ్లు గుర్తు చేస్తారు, ఆ మాటా నిజమే. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మనకు వచ్చి బళ్లారి మైసూరుకు వెళ్లింది ఆ రోజే. అందరినీ సంతోషపెట్టే తేదీ దొరకదు. ఒక్క ప్రభుత్వోద్యోగులు మాత్రం అడ్డు చెప్పరని నా నమ్మకం: అక్టోబర్ 1న సెలవిస్తే మర్నాడు ఎలాగూ గాంధీ జయంతి. సబర్మతి ఆశ్రమంలో కొన్నాళ్లున్న శ్రీరాములుకు ఆ వరస నచ్చేదే, సెలవులు కాకపోయినా.