పెరుగన్నంపై విచారణ కమిషన్

మా కాలనీ జిమ్ వాట్సాప్ గ్రూపులో ఘోరం జరిగిపోయింది. మంచి ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, ఏ లోటూ లేని ఒక ఇల్లాలు రాత్రి ఎనిమిదిన్నరకి పెరుగన్నం తింది. పక్కన ఆవకాయ కూడా ఉన్నట్టు ఫొటోలో స్పష్టంగా తెలుస్తోంది. (తిన్న ప్రతిదీ ఫొటో తీసి గ్రూపులో పెట్టాలన్నది కోచ్ గారి శాసనం.)

ఆయన వెంటనే విచారణ మొదలుపెట్టారు. "రైసా మేడమ్?" ఆకలేసింది సార్ అందావిడ. "అది ఆకలి కాదు, క్రేవింగ్. నీళ్లు తాగండి." తాగానంది. "గ్రీన్ టీ?" అదీ అయింది. "అయితే మీకు మైండ్ కంట్రోల్ లేదు మేడమ్." ఎన్ని గరిటెలు, పెరుగు మీద మీగడ ఉందా, ఆవకాయ బద్దతో ఆగారా, గుజ్జు కూడా నాకారా, అన్నీ రాబట్టారు. తోటి సభ్యురాళ్లు దండాల బొమ్మలు పెట్టి సంతాపం తెలిపారు. ఒకావిడ సాక్ష్యం కూడా చెప్పింది, నిన్న సాయంత్రం ఈమెను మిర్చి బజ్జీల బండి దగ్గర చూశానని. కొత్తిమీర కొనడానికే ఆగానని ముద్దాయి మొత్తుకుంది. ఎవరూ నమ్మలేదు.

ఇంత విచారణలోనూ, పీరియడ్ ఎప్పుడమ్మా అని మాత్రం అడగలేదు.

అడిగితే ఆయనిచ్చిన డైట్ చార్టు చింపుకోవాలి మరి. అండం విడుదలకి ముందు రోజుల్లో ఈస్ట్రోజెన్ పెరిగి ఆకలి కాస్త అణుగుతుంది. ఆ వారం ఆవిడ మొలకలతో సరిపెట్టుకుంటే ఘనత కోచ్ గారిది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ పెరుగుతుంది, దాంతో ఒంటి వేడి 0.3 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ దాకా పెరుగుతుంది, చాలామందికి ఆకలీ పెరుగుతుంది. అప్పుడు తప్పు ఆవిడది. గట్టిగా పరుగెత్తిస్తే గ్రెలిన్ అనే ఆకలి హార్మోను కాసేపు తగ్గుతుంది. "చూశారా, ఆకలే లేదు" అనేసి ఆయన రెండో బ్యాచికి వెళ్లిపోతారు. అది తిరిగొచ్చే వేళకి ఆవిడ పిల్లలకి నెయ్యన్నం కలుపుతూ ఉంటుంది.

రోజుకి 1200 కేలరీలు, ముప్పై రోజులూ ఒకటే కొలత. ఇకమీదట అండాశయాలే కోచ్ గారికి దరఖాస్తు పెట్టుకోవాలని నా మనవి: "అయ్యా, ఈ నెల 20 నుంచి 27 వరకు ఆకలి అధికంగా ఉండగలదు కావున రెండు ఇడ్లీలు అదనంగా మంజూరు చేయ ప్రార్థన."

నవ్వుకున్నాం సరే. అదే గ్రూపులో ఒకమ్మాయికి మూడు నెలలుగా నెలసరి ఆగిపోయింది. చెప్పుకుంటే "బాడీ డిటాక్స్ అవుతోంది, సూపర్" అని చప్పట్లు. డిటాక్సట! చేసే శ్రమకి తిండి చాలకపోతే ఒళ్లు నెలసరినే ఆపేస్తుంది, ఎముకలు గుల్లబారతాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లోనే ఈ తిండి కొరతకి రెడ్-ఎస్ అని పేరు పెట్టి మరీ హెచ్చరించింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 లెక్కన ఈ దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతానికి రక్తహీనత. వాళ్ల కంచంలోంచి ఇంకో ముద్ద తీసేయడానికి నెలనెలా ఫీజు వసూలు చేస్తున్నారు, సిగ్గులేకుండా. ఆ పిల్లని గైనకాలజిస్టు దగ్గరికి పంపాల్సింది పోయి, "ట్రాన్స్‌ఫర్మేషన్ ఆఫ్ ద మంత్" అని టీషర్టు తొడిగి ఫొటో తీశారు.