రెండు తలల వైరుకు జేజేలు

తుఫాను హెచ్చరిక వెలువడిన ప్రతిసారీ బరంపురం తెలుగు వీధులలో ఒక అపూర్వ వస్తువు తయారవుతుంది. వైరు ముక్కకు రెండు చివరలా పిన్నుల ప్లగ్గులు బిగించి, ఒక తలను జనరేటరులోనూ రెండవ తలను వంటింటి 16 ఆంపియర్ల సాకెట్టులోనూ గుచ్చితే ఇల్లంతా వెలుగే. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటి మనలను చీకటిలో కూర్చోబెట్టిన నాటి నుండి జనరేటరు కొనడం వివేకమని అందరమూ ఒప్పుకున్నాము. దానికి చేంజోవర్ స్విచ్ కొనడం మాత్రం దుబారా అని కూడా ఒప్పుకున్నాము.

ఆ స్విచ్ చేసే పని నిజానికి చాలా చిన్నది. పిడి ఒకవైపు ఉంటే వీధి కరెంటు, మరొకవైపు ఉంటే జనరేటరు కరెంటు, నడుమ ఉంటే ఏదీ లేదు. ఫేజు, న్యూట్రలు తీగలు రెండింటినీ ఒకేసారి విడదీసే డబుల్ పోల్ రకమైతే వీధి కరెంటూ జనరేటరు కరెంటూ కలిసే దారే ఉండదు. ఇంత మాత్రానికి ఇనుప పెట్టె దేనికని గృహస్థుల ప్రశ్న. “వీధి కరెంటు వచ్చే మెయిన్ స్విచ్ ఆపేస్తాము కదా బాబూ!”

ఆపేసిన ఆ మెయిన్ భాగ్యమును చూడండి. దానిని ఎవరూ ముట్టరాదని ఉత్తర్వు చేసి గృహస్థు నిద్రపోతాడు. ఎదురింట దీపం కనబడిందని, వీధిలో కరెంటు వచ్చిందేమో చూడమని తాతగారు మనవడిని లేపుతారు. చూడడానికి ఆ ఇంట ఉన్న ఏకైక శాస్త్రీయ పద్ధతి మెయిన్ వేయడమే గనుక మనవడు వేస్తాడు. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి గనుక కరెంటు వచ్చినట్లేనని తాతగారు తీర్పు చెబుతారు. ఇంతలో వేసిన మెయిన్ గుండా జనరేటరు కరెంటు వీధిలోకి పోయి, వీధి భారమంతా మీద పడి జనరేటరు మూలుగుతుంది. దాని బాధ చూడలేక అల్లుడుగారు గోడ సాకెట్టు నుండి ప్లగ్గు ఊడలాగుతారు. బయటపడిన పిన్నులలో ఇంకా 230 వోల్టులున్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

భారం ఎక్కువై జనరేటరు ఆగిపోతే అదృష్టం. తీగ దగ్గరలోనే తెగి ఉంటే ఆగదు. అప్పుడు ఆ కరెంటు వీధి ట్రాన్స్‌ఫార్మరులోనికి వెనుక నుండి చేరుతుంది. 11,000 వోల్టులను తగ్గించి మనకిచ్చే ఆ యంత్రం, వెనుక నుండి వచ్చినదానిని అదే నిష్పత్తిలో పెంచి పైకి పంపుతుంది. ఫీడరు, అంటే వీధికి కరెంటు తెచ్చే లైను, ఆపి ఉన్నదని నమ్మిన లైన్‌మాన్ ఒకడు ఆ స్తంభం మీద ఉంటాడు.

“ముట్టే ముందు తీగలను నేలకు కలిపి ఎర్త్ వేసుకోవాలి, తప్పు అతనిదే” అని సోఫాలో కూర్చుని సెలవిచ్చిన పెద్దమనిషి మాట నేను విన్నాను. వేసుకోవలసిందే, ఎవరు కాదన్నారు? కానీ అయ్యా, నీ ఫ్రిజ్జులో చేపలు చెడకూడదని, నీ ఇంటికి కరెంటు తేవడానికే వానలో తడుస్తూ ఎక్కినవాడి ప్రాణం తీసి, ఆపైన వాడికి నియమాలు చెబుతావా? సిగ్గు లేదా? ఆ వైరు చేసిచ్చి డబ్బు పుచ్చుకున్న మిస్త్రీకి లేదా?

మనిషి ప్రాణం కదిలించలేని వారికి మరొక సమాచారం కూడా ఉన్నది. ఆ మెయిన్ వేసి ఉండగా వీధి కరెంటు తిరిగివస్తే, రెండు కరెంట్ల లయ కలవక, ముచ్చటపడి కొన్న జనరేటరు వైండింగు కాలిపోవచ్చు. రేపు చేంజోవర్ స్విచ్ పెట్టించేవారిలో అధికులు ఈ ఒక్క వాక్యం చూసే పెట్టిస్తారని నాకు తెలుసు. అలాగే కానివ్వండి.