నలభై సెకన్ల సంగతి: ప్రెషర్ వాల్వు గారికి ఒక లేఖ

మహారాజశ్రీ ప్రెషర్ వాల్వు గారికి నమస్కరించి రాయునది. ఇక్కడ మేం క్షేమం కాదు. తమరు క్షేమమేనని మీటరు మీద ముల్లు వేస్తున్న చిందులు చూస్తేనే తెలుస్తోంది.

ఇవాళ మా జెట్ శబ్దాల ల్యాబులో పొద్దున్నే మొదలుపెట్టి ఐదు గంటలపాటు కంప్రెసర్ రొద పెట్టి ట్యాంకు నింపింది. డ్రయ్యర్ ఆ గాలిలో తడినంతా పీల్చేసింది. పీల్చకపోతే ఎలా? మాక్ 1.5 జెట్‌లో, అంటే అక్కడి శబ్దవేగానికి ఒకటిన్నర రెట్లతో దూసుకెళ్లే గాలిధారలో, గది వేడిమిలో ఉన్న గాలి దాదాపు మైనస్ 70 డిగ్రీల దాకా చల్లబడుతుంది, ఉన్న కాస్త తేమా అక్కడే మంచుపొగ అయిపోతుంది. ఇంత పూజా చేస్తే మాకు దక్కేది నలభై సెకన్ల జెట్.

ఆ నలభై సెకన్లలో తమరికి అప్పజెప్పిన పని ఒక్కటే. ట్యాంకు ఖాళీ అవుతున్నకొద్దీ ఇంకాస్త తెరుచుకుంటూ, నాజిల్ వెనక, అంటే జెట్ బయటికొచ్చే మూతి వెనక, ఒత్తిడి కదలకుండా చూడడం. బయటి గాలి ఒత్తిడికి 3.67 రెట్లు కావాలన్నాం. మా నాజిల్‌ని చెక్కించిందే ఆ అంకెకి. తమరు 4.2 ఇచ్చారు. ఎక్కువైందనుకున్నారేమో, 3.2కి దించారు. మళ్లీ 3.9. అలా ఊగి ఊగి కుదురుకునేసరికి ముప్పై ఆరో సెకను. నాకు మిగిలింది నాలుగు.

పోనీ, ఊగితే ఏమైందంటారా? 3.67 దగ్గర జెట్‌లో షాకులు, అంటే ఒత్తిడి ఒక్కసారిగా మారిపోయే పల్చటి పొరలు, దాదాపు కనిపించకూడదు, వాటివల్ల పుట్టే కూత అణగిపోవాలి. నేను వినాలనుకున్నది ఆ తర్వాత మిగిలే హోరుని. అటూ ఇటూ జరిగితే షాకులు వరసకట్టి నిలబడతాయి. నాజిల్ అంచున పుట్టిన అలజడి వాటికి తగిలి శబ్దమై వెనక్కొస్తుంది, వచ్చి అంచుని మళ్లీ కదిలిస్తుంది. ఈ గొడవంతా 1953లోనే అలన్ పోవెల్ అనే పరిశోధకుడు వివరించాడు. ఒత్తిడి పెరిగితే షాకుల మధ్య దూరం పెరిగి కూత బొంగురుపోతుంది, తగ్గితే కీచుమంటుంది. మైక్రోఫోన్లలో ముప్పై ఆరు సెకన్లపాటు రికార్డయింది ఇదే. హార్మోనియం కొత్తగా నేర్చుకునేవాడి సాధన!

కంటికి కనబడని షాకుల్ని ఫోటోలో చూపించే ష్లీరెన్ అద్దాలూ, మీకూ ఒక మాట. ఎవరో తలుపు వేస్తే, వెలుగుని సగం అడ్డుకోడానికి పెట్టిన కత్తి అంచు మీంచి వెలుగు పక్కకి జరిగిపోవడం ఏం మర్యాద? సరే, మీ సంగతి ఇంకోసారి.

వాల్వుగారూ... ఇక గారూ లేదు, గీరూ లేదు. ఏవయ్యా, నీకు సిగ్గుందా? ఐదు గంటల గాలి! గెయిన్, అదే ఒత్తిడి తేడాకి నేను ఎంత గట్టిగా స్పందించాలన్న సెట్టింగు, పెంచింది నువ్వేగా అంటావు. అంటావు, నాకు తెలుసు. పెంచింది నేనే. మరి నిన్న అదే గెయిన్‌తో బుద్ధిగా ఉన్నావుగా? ప్రతిధ్వని రాకుండా గోడల నిండా ఫోమ్ ముళ్లు పెట్టిన గదిలోకెళ్లి నిన్ను నోరారా తిట్టాను. ఒక్క తిట్టు కూడా తిరిగి వినపడలేదు. గోడలు కూడా నీ వైపే.

ఆ నాలుగు సెకన్ల ఫోటోలు ఇప్పుడే చూశాను. జెట్ గీత గీసినట్టు ఉంది. షాకులు ఉన్నాయా లేవా అన్నంత పల్చగా. అంత బాగా నిలబెట్టగలవని నాకు చూపించకుండా ఉంటే నిన్ను విప్పి పక్కన పడేసేవాణ్ని.

గెయిన్ తగ్గించాను. కంప్రెసర్ ఆన్ చేశాను. రాత్రి తొమ్మిదికి ట్యాంకు నిండుతుంది.

ఇట్లు,
చెవులకి మఫ్స్ పెట్టుకుని కూర్చున్నవాడు